కుర్చీ దిగని టూరు

మా సంస్థలో నేను పదమూడేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని పనిచేశాను. ఆ పదమూడేళ్ళూ నేను అనుమతి లేకుండా రాష్ట్రమంతా తిరుగుతూనే ఉన్నానని మొన్న ఆషాఢమాసంలో తేలింది. నాకైతే తెలియలేదు. ఆడిట్ వాళ్ళు వచ్చి చెబితేనే తెలిసింది.

నా పేరు కందాళ శేషగిరి. ఐటీఐ చదివాను. పొద్దున్నే స్నానం, పూజ, రెండిడ్లీలు, సిటీ బస్సు, ఆఫీసు. ఇంతకంటే పెద్ద ప్రయాణం నేనెప్పుడూ చేసినవాణ్ణి కాను. మాది ధ్రువపత్రాల సంస్థ. పుట్టుక, కులం, నివాసం, ఏ ధ్రువపత్రం కావాలన్నా మా మిషన్లలోంచే రావాలి. నలభై ఎనిమిది ఊళ్ళలో నలభై ఎనిమిది సర్వర్లు ఉన్నాయి. వాటన్నిటికీ బెజవాడ ప్రధాన కార్యాలయంలో నా బల్ల ఒక్కటే దిక్కు.

ఒక్కణ్ణే నలభై ఎనిమిది ఊళ్ళు ఎలా చూస్తానంటే, సర్వరుకి రెండు దారులుంటాయి. మొదటిది నెట్‌వర్కు. అది బావున్నంతకాలం నాతో ఎవరికీ పని ఉండదు. రెండోది సీరియల్ కన్సోల్ అనే సన్నటి తీగ. దాంట్లో బొమ్మలు రావు, రంగులు రావు, ఒట్టి అక్షరాలు వస్తాయి. నెట్‌వర్కు పడిపోయినా, సర్వరు సగం లేచి సగం పడుకున్నా, ఈ తీగ మాత్రం పలుకుతుంది. ప్రతి ఊళ్ళోనూ సర్వరు వెనక ఒక చిన్న పెట్టె, దానికో ఫోను లైను. నా బల్ల దగ్గర ఆ ఊరి నంబరు కొడితే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఆ సర్వరు తన బాధ చెప్పుకుంటుంది. నేను ఇక్కణ్ణుంచి జవాబు కొడతాను. ఉరుములూ మెరుపులూ వచ్చిన రోజున ఆరేడు ఊళ్ళు ఆరేడు విండోల్లో ఒకేసారి మొరపెట్టుకుంటాయి. నేను ఒక్కొక్కరికీ ధైర్యం చెప్పి లేపుతాను. శుక్రవారం నాడు నా బల్ల మీదున్న పెద్ద పెట్టెకి చిన్న కుంకుమబొట్టు పెడతాను. దాన్నీ ఆడిట్ వాళ్ళు 'అనుమతి లేని ఎర్రని గుర్తు' అని రాసుకున్నారు. కానీ వాళ్ళ రిపోర్టులో అసలు పేరా అది కాదు. అసలు పేరా ఇది:

'సదరు ఉద్యోగి జూన్ 9వ తేదీ ఉదయం 11.20 గంటలకు ఏకకాలమున ఏడు కార్యాలయముల సర్వర్లలో ప్రవేశించి యున్నాడు. ఇందుకు టూరు అనుమతి గానీ, కదలికల రిజిస్టరులో నమోదు గానీ లేదు. అదే సమయమున ప్రధాన కార్యాలయమున హాజరైనట్లు వేలిముద్ర కూడా కలదు. ఇది ఎట్లు సాధ్యమో సంస్థ వివరించవలెను.'

రెండు వాక్యాల్లో వివరించి ఉంటే సరిపోయేది. కానీ మా జాయింట్ డైరెక్టరు మార్తాండరావు గారికి రెండు వాక్యాలంటే చిన్నతనం. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పక్కన మా సూపరింటెండెంటు లాజరు గారు ఫైలు పట్టుకుని ఉన్నారు.

"ఈ విండోలో ఉన్నది ఏ ఊరు?"

"గంగవెల్లి సార్."

"ఇది?"

"కొత్తమేడూరు సార్."

"మరి మీరెక్కడున్నారు?"

"మీ ఎదురుగానే ఉన్నాను సార్."

"అదే సమస్య." ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. "మీరు మీట నొక్కితే పని ఎక్కడ జరుగుతోంది? గంగవెల్లిలో. పని జరిగే చోట ఉద్యోగి ఉండాలా, వద్దా?"

నాకు ఒక సందేహం వచ్చింది. అడగకుండా ఉండలేకపోయాను. "సార్, ఒకేసారి ఏడు చోట్ల ఉండటం భగవంతుడి లక్షణం అంటారు కదండీ. అది నాకు అంటగడితే తప్పు కాదా?"

"భగవంతుడికి సర్వీసు రూల్సు వర్తించవు శేషగిరీ. మీకు వర్తిస్తాయి."

ఆయన వెళ్ళాక లాజరు గారు నా చెవి దగ్గరికి వంగారు. "మా ప్రభువు నీళ్ళ మీద నడిచినప్పుడు కూడా ఎవరూ పడవ టిక్కెట్టు అడగలేదయ్యా. నీ కాలం బాగోలేదు."

నాలుగో రోజున సర్క్యులరు వచ్చింది. 'దూరప్రవేశము కూడా ప్రవేశమే' అన్నది అందులో మొదటి వాక్యం. తక్కిన పదకొండు పేజీలూ దాని తాత్పర్యం. దాని ప్రకారం నేను ఏ ఊరి సర్వరులోకైనా కన్సోలు మీద ప్రవేశించాలంటే ముందు టూరు ప్రోగ్రాము పెట్టుకుని ఆమోదం పొందాలి. కదలికల రిజిస్టరులో బయల్దేరినట్టు రాయాలి. ఆ ఊరి ఆఫీసులో నేను చేరినట్టు రిపోర్టు వాళ్ళు పుచ్చుకోవాలి. పని అయ్యాక వాళ్ళు నన్ను రిలీవ్ చేస్తే, ఆ కాగితం వచ్చాక విండో మూయాలి. ఒక ఊళ్ళో ఉండగా ఇంకో ఊళ్ళో ఉండకూడదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా పోకూడదు, మధ్యలో ప్రధాన కార్యాలయానికి తిరిగి రావాలి. అంటే రెండు విండోల మధ్య ఒకసారి కుర్చీలోంచి లేచి కూర్చోవాలి.

వీటన్నిటికీ నేను అలవాటుపడ్డాను. ఎనిమిదో పేజీలోని ప్రయాణకాలం దగ్గర మాత్రం కొంచెం తట్టుకోలేకపోయాను. ఊరి నంబరు కొట్టిన తరువాత, ఆ ఊరికి ఎక్స్‌ప్రెస్ బస్సులో పట్టే సమయమంతా ఆగి, ఆ తరువాతే మొదటి మీట నొక్కాలి. గంగవెల్లికి రెండున్నర గంటలు. కొత్తమేడూరుకి ఆరు గంటలు. అన్నిటికంటే దూరం తాడిగుమ్మి. ఉత్తరాన కొండల్లో ఉంటుంది. పదకొండు గంటలు.

"ఈ ఆరు గంటలూ నేనేం చేయాలి సార్?" అని లాజరు గారిని అడిగాను.

"ప్రయాణంలో ఉన్నావు కదా. కిటికీలోంచి బయటికి చూడు."

చూశాను. మా సైకిల్ స్టాండు కనిపించింది. మూడోవారానికి నాకే ఏ ఊళ్ళో ఉన్నానో సందేహం వచ్చే పరిస్థితి అయింది. ఒకరోజు నేను కొత్తమేడూరు విండోలో ఉండగా, అక్కడ అమ్మవారి జాతర కాబట్టి స్థానిక సెలవు అన్నారు. సెలవున్న ఊళ్ళో ఉన్నవాడు పనిచేయరాదు కాబట్టి సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మవారిని నేనెన్నడూ చూడలేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని, దిక్కు అడిగి తెలుసుకుని అటు తిరిగి ఒక దణ్ణం పెట్టుకున్నాను.

ఇలా ఉండగా శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం రెండున్నరకి తాడిగుమ్మి నుంచి ఫోను వచ్చింది. అక్కడి కౌంటరులో ఆపరేటరు కొర్రా సుభద్ర. నేనామెను చూసింది లేదు, ఆమె గొంతు తొమ్మిదేళ్ళుగా తెలుసు.

"శేషగిరి బాబూ, మా మిషను నెగనేదండి. పొద్దున కరెంటు పోయి వచ్చీసింది. అప్పటికాణ్ణుంచీ మరి పలకడం మానీసింది."

"ఎవరైనా ఆగి ఉన్నారామ్మా?"

"ఉన్నారండి. వంతాల మాలతని, మా కొండ మీది పిల్లేనండి. నర్సింగు సీటొచ్చింది. నివాసం సర్టిఫికెట్టు ఈ రోజు అయిదు గంటల్లోగా నెట్టులో పెట్టకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారంటండి. ఆ పిల్లా, నాన్న సోమన్నా పొద్దున్నే కొండ దిగొచ్చీసి బల్ల మీద కూకున్నారు. మా ఊరి నుంచి ఇంతవరకూ ఎవరూ నర్సు చదవనేదండి."

నేను తాడిగుమ్మి నంబరు కొట్టి తెర చూశాను. కేవలం చూడటం ప్రవేశం కిందికి రాదని, అది దర్శనం మాత్రమేనని లాజరు గారు ఇదివరకే వ్యాఖ్యానం చెప్పి ఉన్నారు. సర్వరు బాగానే ఉంది. కరెంటు పోయినందువల్ల డిస్కులో చిన్న చిన్న తప్పులు దొర్లాయి. 'సరిచేయమంటారా? అవును అయితే వై, కాదు అయితే ఎన్' అని ఒక ప్రశ్న వేసి, పొద్దుటి నుంచి జవాబు కోసం ఎదురుచూస్తోంది. వై అన్న ఒక్క అక్షరం కొట్టి, ఎంటర్ నొక్కితే చాలు.

"అక్కడ గదిలోకి వెళ్ళి కొట్టలేరామ్మా?"

"ఏటి పెట్టి కొట్టమంటారండి? ఆ గదిలో కీబోర్డులూ టీవీలూ మీరే పట్టుకుపోనారు కదండీ, క్రికెట్టు చూస్తన్నామని. గదికి సీలేసి తాళం పాడేరులో పెద్దాఫీసరు కాడ పెట్టీసారు."

అదీ నిజమే. అది ఇంకో సర్క్యులరు.

టూరు ప్రోగ్రాము అయిదు ప్రతులు రాసి లాజరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదివి, తాడిగుమ్మి అంటే జాయింట్ డైరెక్టరు గారి ఆమోదం కావాలన్నారు. ఇద్దరం ఆయన గది ముందుకి వెళ్ళాం. ఆయన లోపల వీడియోలో ఉన్నారు. 'ఎక్కడి నుంచైనా సేవ' అన్న విషయం మీద జరుగుతున్న సదస్సుకి తన కుర్చీలోంచే ప్రసంగిస్తున్నారు. గంటన్నర నిలబడ్డాం. మధ్యలో సుభద్ర మూడుసార్లు ఫోను చేసింది. మూడోసారి వెనకనుంచి ఎవరో మగమనిషి, "అమ్మా, బాబుకి దణ్ణాలని చెప్పమ్మా" అనడం వినపడింది. సోమన్న అయి ఉంటాడు.

నాలుగూ ఇరవై అయిదుకి ఇక ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం.

"మిత్రులారా, నేటి యుగమున దూరమనేది ఒక భ్రమ," అంటున్నారు మార్తాండరావు గారు. మమ్మల్ని చూసి మైకు ఆపి, నా కాగితం అందుకున్నారు. "తాడిగుమ్మి ఎంత దూరం?"

"పదకొండు గంటలండి."

"ఇప్పుడు నాలుగున్నర. ఇప్పుడే ఆమోదిస్తే మీరు తెల్లవారుజామున మూడున్నరకి చేరతారు. మరి అయిదింటికి ఎట్లా నొక్కుతారు?"

"సార్, ఆ పిల్ల సీటు…"

"ఆ పిల్ల మీద నాకు మాత్రం సానుభూతి లేదనుకున్నారా? ఉంది. సానుభూతి వేరు, ప్రయాణకాలం వేరు." కాగితం మూల మీద ఎర్ర సిరాతో 'చర్చించవలెను' అని రాసి, మైకు తెరిచి, మళ్ళీ దూరం భ్రమ అన్న చోటికి వెళ్ళిపోయారు.

నేను నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. సర్వరు అదే ప్రశ్న దగ్గర ఉంది. లాజరు గారు నా వెనక నిలబడి, గోడకి ఉన్న కాలెండరు వైపు తిరిగి తేదీలు చదువుకోవడం మొదలుపెట్టారు. నేను లోపల స్వామిని తలుచుకుని వై కొట్టి, ఎంటర్ నొక్కాను.

తెర నిండా అక్షరాలు పరుగెత్తాయి. నాలుగూ నలభై నాలుగుకి తాడిగుమ్మి సర్వరు లేచి కూర్చుంది. నాలుగూ యాభై రెండుకి సుభద్ర ఫోను చేసింది. "అయిపోనాదండి! నెట్టులో పెట్టీసాము. పిల్ల నవ్వుతన్నాది బాబూ, సోమన్నే ఏడుస్తన్నాడు."

మెమో మూడో రోజున వచ్చింది. కన్సోలు పెట్టె ప్రతి మీటనీ సమయంతో సహా రాసిపెట్టుకుంటుంది. దానికి దాపరికం తెలియదు. నాకూ దాచాలని లేదు.

విచారణలో మార్తాండరావు గారు నా మీద కోపం చూపించలేదు. చాలా మర్యాదగా కూర్చోబెట్టి, రెండు ఖాళీ కాగితాలు నా ముందు పెట్టారు.

"శేషగిరీ, సంస్థ ముందు రెండే మార్గాలున్నాయి. ఆ రోజు మీరు తాడిగుమ్మిలో లేరు అని రాశారనుకోండి. అప్పుడు మీ మీద ఏ చర్యా ఉండదు. మీరు ఇక్కడే ఉన్నారు, వేలిముద్ర ఉంది, మీరు నిర్దోషి. కానీ ఆ సర్వరుని అధికారి ఎవరూ లేకుండా ఎవరో లేపినట్టు అవుతుంది. అనధికారంగా లేచిన సర్వరు ఇచ్చిన ధ్రువపత్రం చెల్లదు. నర్సింగు కళాశాలకి ఆ మేరకు లేఖ వెళుతుంది."

"మరి రెండోది సార్?"

"మీరు తాడిగుమ్మిలో ఉన్నారు అని రాయాలి. అప్పుడు ధ్రువపత్రం భేషుగ్గా చెల్లుతుంది. కానీ మీరు ఇక్కడ లేనట్టు. ఆ పర్యవసానం మీరు అనుభవించాలి. రేపు ఉదయం చెప్పండి."

ఆ సాయంత్రం నేను తులసికోట దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. నా భార్య అలివేలు వచ్చి దీపం పెట్టి, సంగతేమిటని అడిగింది. చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక కాగితం మీద అబద్ధం రాసినవాణ్ణి కానని కూడా చెప్పాను.

"ఆ మీట నొక్కింది మీరేనా?"

"నేనే."

"నొక్కింది అక్కడ పనిచేసిందా, ఇక్కడా?"

"అక్కడే."

"మీరిక్కడ పీట మీద కూర్చుని పిలిస్తే వైకుంఠంలో వినపడుతుందని రోజూ నాకు చెబుతారు. తాడిగుమ్మి అంతకంటే దూరమా?" అని, అగ్గిపెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను రెండో కాగితం మీద రాశాను. 'ఆ రోజు సాయంత్రం 4.31కి నేను తాడిగుమ్మి కార్యాలయములో ఉన్నాను.'

మార్తాండరావు గారి ముఖం వికసించింది. ఆయన సర్క్యులరు నిలబడింది కదా. అయితే వేలిముద్ర మాటేమిటని లాజరు గారు గుర్తుచేశారు. ఆయన క్షణం ఆలోచించి, నేనింతవరకూ ఏ పురాణంలోనూ వినని వాక్యం ఒకటి ఫైలులో రాయించారు. 'సదరు దినమున ఉద్యోగి యొక్క వేలిముద్ర ప్రధాన కార్యాలయమునందును, వేలు తాడిగుమ్మి యందును ఉన్నవి. ప్రయాణకాలమును ప్రత్యేక సందర్భముగా మినహాయించడమైనది. దీనిని మున్ముందు ఉదాహరణగా తీసుకొనరాదు.'

తాడిగుమ్మి నుంచి నేను చేరినట్టు రిపోర్టు తెప్పించారు. సుభద్ర ఆ రోజు తేదీతో రాయించి, అక్కడి అధికారితో సంతకం పెట్టించి పంపింది. ఫైలు మూసేయబోతుండగా మార్తాండరావు గారి చెయ్యి ఆగిపోయింది.

"చేరిన రిపోర్టు ఉంది. రిలీవ్ అయిన కాగితమేది?"

"లేదండి."

"అంటే మీరు అక్కణ్ణుంచి ఇంకా తిరిగి రాలేదు."

ఆయన ఫైలు మళ్ళీ తెరిచారు.

"తాడిగుమ్మిలో ఉన్న ఉద్యోగి ఇక్కడ కుర్చీలో కూర్చోవడం అనధికారం," అన్నారాయన, నన్ను పైనుంచి కిందికి చూస్తూ. "లాజరు గారూ, ఈయన్ని గేటు దాకా పంపండి."

లాజరు గారు నన్ను గేటు దాటించి, మళ్ళీ లోపలికి పిలిచి, విజిటర్ల పుస్తకంలో రాయించారు. 'పేరు: కందాళ శేషగిరి. ఎక్కణ్ణుంచి: తాడిగుమ్మి. పని: ఖాళీగా ఉన్న కుర్చీని చూచుటకు.' ఆ విధంగా మధ్యాహ్నానికల్లా నేను మళ్ళీ నా బల్ల దగ్గరే ఉన్నాను. నలభై ఎనిమిది ఊళ్ళూ యథాప్రకారం లేస్తున్నాయి, పడుకుంటున్నాయి. విజిటరుకి టూరు రూల్సు వర్తించవని లాజరు గారు కనిపెట్టడంతో పని ఎప్పుడూ లేనంత చురుగ్గా సాగింది.

కానీ విజిటరుకి సర్వీసు ఉండదు. నాకింకా తొమ్మిదేళ్ళ సర్వీసుంది. ఒక్క రిలీవింగు కాగితం తెచ్చుకుంటే నా కుర్చీ నాది అవుతుందని లాజరు గారు చెబితే, దసరా వెళ్ళాక తాడిగుమ్మి బస్సెక్కాను. నిజంగానే పదకొండు గంటలు పట్టింది. ఆ ఒక్క విషయంలో సర్క్యులరుని తప్పుపట్టలేను.

కొండ కింద చిన్న పెంకుటిల్లు ఆఫీసు. చలిగా ఉంది. గడప దగ్గర కాపలా ఆయన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"శేషగిరి గారిని రిలీవ్ చేసే కాగితం కోసం వచ్చానయ్యా," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏటి బాబూ, ఆర్ని పంపించేస్తారేటి? వద్దండి. ఆరు సాలా మంచోరు."

"నువ్వు ఆయన్ని చూశావా?"

"నేదండి. ఎవురూ సూణ్ణేదు. గానీ ఆరొచ్చిన కాణ్ణుంచీ మా మిషను ఒక్క పూటయినా ఆగనేదండి. రిజిస్టర్లో రోజూ ఆరి పేరు ఉంటాది."

ఈలోగా నా గొంతు విని సుభద్ర బయటికి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, చెవులకి కమ్మలు, చేతిలో పెన్ను. ముఖం ఎరగకపోయినా గొంతుకి గుర్తుపట్టి, నవ్వి, నన్ను కొంచెం పక్కకి తీసుకెళ్ళింది.

"కాగితం ఇప్పించమంటే ఇప్పిస్తానండి. మా ఆఫీసరు మంచోరే. గానీ ఇవ్వాలంటే మీరెప్పుడొచ్చారు, ఏ దారినొచ్చారు, ఎక్కడ పడుకున్నారని రాయాలంటండి. ఆ రాతలో ఏదన్నా తేడా వస్తే మళ్ళీ ఆ పిల్ల సర్టిఫికెట్టు కాడికే వస్తాది. మాలతి విశాఖపట్నంలో చేరిపోనాదండి. తెల్ల బట్టలు కుట్టించుకున్నాదంట. మొన్న సోమన్న చెప్పీసి వెళ్ళినాడు."

"రోజూ నా హాజరు ఎవరు వేస్తున్నారమ్మా?"

సుభద్ర చేతిలోని పెన్ను కొంగు వెనక్కి దాచింది. "మీరు లోపలున్నంతకాలం ఆ పిల్లకి భయం నేదు కదండీ."

నేను గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాను. బల్ల మీద హాజరు పుస్తకం తెరిచి ఉంది. ఆనాటి తేదీకి ఎదురుగా నా పేరు, వచ్చిన వేళ పది గంటలు. పక్కనే ఒక ఖాళీ కుర్చీ. దాని ముందు ఎవరో గ్లాసుతో మంచినీళ్ళు కూడా పెట్టారు.

కాగితం అక్కర్లేదని చెప్పాను. లోపలున్నాయన్ని ఎవరూ కదపవద్దన్నాను. చెప్పులు విడిచి, ఆ ఖాళీ కుర్చీకి రెండు చేతులూ జోడించి, తిరుగు బస్సుకి బయల్దేరాను. కనపడనివాడికి దణ్ణం పెట్టడం నాకు కొత్త కాదు.